ఉత్త నాడెతో ఒక ఆల్బమ్

రెండేళ్లు కిందామీదా పడి ఒక ఆల్బమ్ చేశాను. పోయిన నెల ఒక ఆదివారం మా గల్లీవాళ్లందరినీ కూర్చోబెట్టి వినిపించాను. అందరూ చెవులు రిక్కించి విన్నారు. నా గొంతును మాత్రం ఒక్కరూ వినలేదు. అదెట్లా కుదిరిందంటారా? చాయ్ చల్లారేలోపు చెప్పేస్తాను. నవ్వొస్తే నవ్వండి, నాకేం ఫికర్ లేదు. కొత్తవాడ మొత్తం నవ్వాకే మీ దాకా వచ్చాను.

ముందు నా సంగతి. నా పేరు సంపత్. హన్మకొండ సుబేదారిలో ఒక జిరాక్స్ షాపు పైన గది తీసుకుని గిటార్ క్లాసులు చెప్తాను. మిగతా టైములో పాటలు రాస్తాను, బాణీ కడతాను, పాడతాను. ఇల్లు కొత్తవాడలో. మా బాపు కనకయ్య జంపఖానాలు నేస్తాడు. మా అమ్మ ఆయనకు కండెలు చుడుతుంది. కండె అంటే నూలు చుట్టిన చిన్న పుల్ల. దాన్ని నాడెలో పెడితే, నాడె పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తుతూ పేక వేస్తుంది. ఇంత తెలిస్తే చాలు, ఈ కథకు ఇంతకు మించిన నేత పని అక్కర్లేదు. నాక్కూడా ఇంతకు మించి తెలియదు. కథ జరిగింది కూడా అందుకే.

మా బాపుకు మాట తక్కువ, చెవి ఎక్కువ. పొద్దున గడప మీద కూర్చుని చాయ్ తాగుతూ గల్లీలో మగ్గాల చప్పుడు వింటాడు. ఏ చప్పుడు ఎవరిదో చూడకుండానే చెప్తాడు. "ఐలయ్యకు నడుమునొప్పి ఇంక తగ్గలే" అంటాడు. మనం వెళ్లి చూస్తే ఐలయ్య నిజంగానే నడుముకు గుడ్డ బిగించుకుని నేస్తుంటాడు. "సాంబయ్యన్న ఇయ్యాల కోపంల ఉన్నడు" అంటాడు. సాయంత్రానికి సాంబయ్య పెద్దబాపు ఇంట్లో జరిగిన గొడవ గల్లీ అంతా తెలుస్తుంది.

ఇంత చెవి ఉన్న మనిషి నా పాట ఒక్కటి కూడా పూర్తిగా వినలేదు. వినడని కాదు, కూర్చుంటాడు. మొదటి చరణం దాకా కూర్చుంటాడు. రెండో చరణం మొదలవగానే ఆయనకు ఏదో గుర్తొస్తుంది. నీళ్ల మోటరు ఆపలేదనో, మగ్గం మీద గుడ్డ కప్పలేదనో లేచిపోతాడు. పోయినేడు హన్మకొండలో ఒక హాల్లో నా ప్రోగ్రాం పెట్టుకుంటే ముందు వరసలో కుర్చీ వేయించాను. రెండో చరణంలో కుర్చీ ఖాళీ. తర్వాత అడిగితే, బయట చెప్పులు ఉన్నాయో లేవో చూసొద్దామని వెళ్లాడట. చెప్పులు చూసుకున్నాడు, అక్కడే నిలబడి వాచ్‌మన్‌తో పత్తి రేటు మాట్లాడుకున్నాడు.

పాట బాగాలేదని ఒక్కనాడూ అనలేదు. అన్నా బాగుండేది, పోట్లాడేవాణ్ణి. లేచిపోయే మనిషితో ఏం పోట్లాడతాం? అందుకే నా మనసులో ఒకటే పంతం ఉండిపోయింది. మా బాపు నా పాట ఒక్కటి మొదటి నుంచి చివరి దాకా లేవకుండా వినాలి. అవార్డులు, వ్యూస్, లైకులు తర్వాత. ఈ ఆల్బమ్ అంతా ఆ ఒక్క పనికోసం చేశానన్నా తప్పు లేదు.

ఆల్బమ్ పేరు 'పడుగు పేక'. ఎనిమిది పాటలు. ఫోక్, రూట్స్ రాక్, సోల్ మూడూ కలిపాం. ఏంట్రా ఇదంతా అని అమ్మ అడిగితే సులువుగా చెప్పాను. నువ్వు రాట్నం దగ్గర పాడుకునేది ఫోక్, నా గిటార్ రాక్, డేవిడ్ అన్న సోల్ అని. నాతో కలిసి వాయించే డేవిడ్ అన్న కాజీపేటవాడు. రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి, చర్చిలో ఆర్గాన్ వాయిస్తూ పెరిగాడు. బేస్ గిటార్ కూడా ఆయనదే, రికార్డింగ్ చేసే కంప్యూటరూ ఆయనదే. ఆయన ఆర్గాన్ మీద చెయ్యి పెడితే ఏ బాధా లేనివాడికి కూడా ఎవరో ఓదారుస్తున్నట్టు ఉంటుంది. రూట్స్ రాక్ అంటే ఏంటన్నా అని మొదట్లో నేనే అడిగాను. "మట్టి అంటిన చెప్పులతోని స్టేజీ ఎక్కుడే తమ్మీ" అన్నాడు. అది నాకు బాగా నచ్చింది. మాకు మట్టికేం కొదవ!

ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మీద ఒక పాట ఉంది. దానికోసం యార్డుకు వెళ్లి ఆ సందడి రికార్డు చేశాం. మిర్చి ఘాటుకు ఇద్దరం కలిసి దగ్గాం. ఆ దగ్గు సరిగ్గా తాళంలో పడిందని డేవిడ్ అన్న పాటలో అట్లాగే ఉంచేశాడు. నెక్కొండ స్టేషన్లో సిగ్నల్ కోసం ఆగిపోయిన ప్యాసింజర్ మీద ఇంకో పాట. ఏడు పాటలు ఇట్లా ఒడ్డెక్కాయి. ఎనిమిదోది, ఆల్బమ్ పేరున్న పాట, మా బాపు మీద రాసింది. అది మాత్రం కదల్లేదు. ఏ డ్రమ్ము వేసినా పెళ్లి బ్యాండులాగా ఉంది.

ఒకరోజు డేవిడ్ అన్న మా ఇంటికి భోజనానికి వచ్చాడు. పక్క గదిలో బాపు నేస్తున్నాడు. అన్న అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపేశాడు.

"తమ్మీ, ఊరంత దేవులాడుతానం గని, డ్రమ్ము మీ ఇంట్లనే ఉన్నది గదనే."

నిజమే! తాడు గుంజితే నాడె అటు కొసకు తగిలే చప్పుడు, ఆ వెంటనే పేకను దగ్గరికి కొట్టే చెక్క చప్పుడు, కింద కాళ్లతో తొక్కే చెక్కల కిర్రు. పుట్టినప్పటి నుంచి వింటున్నాను కాబట్టి అది చప్పుడని కూడా నాకు తట్టలేదు. బాపు మీద పాట, దానికి బాపు మగ్గమే తాళం!

ఇక్కడ బుద్ధున్నవాడు ఏం చేస్తాడు? పక్క గదిలోకి వెళ్లి, "బాపూ, జర నాలుగు నిమిషాలు మైకు ముందు నెయ్యవా" అని అడుగుతాడు. నేను అడగలేదు. ఆయన్ను ఆశ్చర్యపరచాలని ఒక కారణం. అడిగితే "ఎందుకు?" అంటాడేమోనన్న భయం అసలు కారణం. ఆ ఎందుకుకు నా దగ్గర ఏనాడూ జవాబు లేదు.

అదను కోసం చూశాను. మా మేనత్త మనవరాలి పుట్టెంట్రుకలని బాపు పొద్దున రైలుబండికి నెక్కొండ వెళ్లాడు. మోకాళ్ల నొప్పి అని అమ్మ ఆగిపోయింది. ఆయన గల్లీ మలుపు తిరిగాడో లేదో డేవిడ్ అన్న రెండు మైకులు, కంప్యూటరు దింపాడు. ఫ్యాన్లు బంద్, కుక్కర్ బంద్. అమ్మను గడపలో కూర్చోబెట్టి, వచ్చేవాళ్లను బయటే ఆపమన్నాం.

మగ్గం మీద సగం నేసిన జంపఖానా ఉంది. ఎర్ర చారలు, నీలం చారలు. ఎవరిదో ఆర్డరు. పదో తరగతి దాకా నేనూ అప్పుడప్పుడు మగ్గం ఎక్కినవాణ్ణే కానీ, నా చేతి నేత చూస్తే బాపు గంటలో పట్టేస్తాడు. చార చెడిపోతుంది, దొంగతనం బయటపడుతుంది. అందుకని నా తెలివంతా ఉపయోగించాను. నాడెలోంచి కండె తీసి పక్కన పెట్టాను. నూలు లేదు కాబట్టి పేక పడదు, పేక పడదు కాబట్టి జంపఖానా చెడదు. చప్పుడుకు చప్పుడు, ఎవరికీ నష్టం లేదు. డేవిడ్ అన్న కూడా శభాష్ అన్నాడు. పాపం, ఆయనకు నేతలో తెలిసింది అంతకన్నా తక్కువ.

హెడ్‌ఫోన్ పెట్టుకుని, అందులో టిక్కు టిక్కుమనే తాళానికి సరిగ్గా మగ్గం ఆడించడం మొదలుపెట్టాను. కాసేపటికి గడపలోంచి అమ్మ చెయ్యి ఊపుతూ ఏదో చెప్తోంది. నాకు వినపడలేదు. బాగుందంటోంది కాబోలని నేనూ తల ఊపాను. ఆమె అన్నది తర్వాత తెలిసింది. "ఉత్త నాడె ఆడియ్యొద్దురా బిడ్డా, ఉత్త కత్తెర ఆడిచ్చినట్టు, మంచిది గాదు" అందట. మంచిది కాదన్నది ఎప్పుడూ హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడే చెప్తారు మనవాళ్లు.

గంటసేపు కొట్టాను. నడుము పట్టేసింది. అందులోంచి మంచి ఎనిమిది దెబ్బలు ఏరి, డేవిడ్ అన్న కంప్యూటర్లో వాటినే నాలుగు నిమిషాలు తిరిగి తిరిగి వచ్చేట్టు పెట్టాడు. కండె నాడెలో పెట్టేశాను, గుడ్డ కప్పేశాను, గది ఊడ్చేశాను. సాయంత్రం బాపు నెక్కొండ నుంచి బెల్లం బూరెల డబ్బాతో వచ్చాడు. అంతా కుదిరిందనుకున్నాను.

ఆ తర్వాత పది పదిహేను రోజులకు బాపులో ఏదో తేడా కనిపించింది. ఉన్న ఆ నాలుగు మాటలూ తగ్గాయి. చెప్పకుండా వెళ్లి కళ్లద్దాలు మార్పించుకొచ్చాడు. కుడి భుజానికి నూనె రాయించుకుంటున్నాడు. ఒకసారి దవాఖానకు కూడా వెళ్లొచ్చాడు, ఎందుకంటే "ఊకెనే" అన్నాడు. ఒక మధ్యాహ్నం తలుపు సందులోంచి చూస్తే మగ్గం మీద కూర్చుని రెండు చేతులు ముందుకు చాపి చూసుకుంటున్నాడు. అమ్మతో, పెద్ద ఆర్డర్లు ఇంక వద్దని చెప్దామా అన్నాడట.

బాపు ముసలివాడైపోతున్నాడు! కొడుకన్నవాడు అప్పుడేం చెయ్యాలి? పక్కన కూర్చుని ఏమైందని అడగాలి. నేను పాటల రచయితను కదా, గదిలోకి వెళ్లి తలుపేసుకుని మూడో చరణం రాశాను.

*తడబడే చెయ్యి బాపూ, తరిగిపోయే చూపు,*
*నీ నూలు తెగిన చోట నా గొంతునే ముడివేస్తా.*

డేవిడ్ అన్న చదివి కళ్లు తుడుచుకున్నాడు. ఈ చరణం దగ్గర ఆర్గాన్ పెంచి, నన్ను పై స్థాయిలో గొంతెత్తి పాడమన్నాడు. సోల్ అంటే అదేనట, లోపల ఉన్నది దాచుకోకుండా బయటికి తీయడం. తీశాను. పాడుతూ నేను కూడా ఏడ్చాను. ఏ బాధనైతే చూసి అంత ఏడ్చానో, దాన్ని తెచ్చిపెట్టింది నేనేనని అప్పుడు తెలియదు.

ఇక ఆ ఆదివారం. మా గల్లీ నేత సంఘం హాలు తీసుకున్నాం. సాయంత్రం నాలుగింటికి. టెంట్ హౌస్ నుంచి రెండు స్పీకర్లు తెచ్చాం. అమ్మ, పక్కింటి లచ్చవ్వ కలిసి సర్వపిండి చేశారు. కూర్చోవడానికి ఇళ్లలోంచి తలా ఒక జంపఖానా తెచ్చి పరిచారు. బాపు కూడా ఒకటి తెచ్చుకుని గోడ పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఎర్ర చారలు, నీలం చారలు. ఆ ఆర్డరు వెళ్లిపోలేదా, ఇంట్లో ఎందుకుంది అన్న అనుమానం ఒక్క క్షణం వచ్చింది. స్పీకరు వైరు ఊడితే దాని వెనక పరుగెత్తి మర్చిపోయాను.

డేవిడ్ అన్న ముందే చెప్పాడు, బాపు పాట మొదటే వేద్దాం, ఆయన లేచిపోయేలోపు అని. నేను మైకు పట్టుకుని, ఇది మా బాపు పాట, మన అందరి పాట అని రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. కళ్లు మాత్రం బాపు మీదే.

పాట మొదలు ఇరవై సెకన్లు ఒట్టి మగ్గమే. అందరి మొహాలు వెలిగిపోతాయని, ఒకరినొకరు చూసి నవ్వుకుంటారని ఎన్నిసార్లు ఊహించుకున్నానో. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, సాంబయ్య పెద్దబాపు చెయ్యి లేచింది.

"ఆగు ఆగు. పేక తెగింది."

పాటకు చెప్తున్నాడు! యాభై ఏళ్ల అలవాటు, ఆ చప్పుడు వింటే చెయ్యి దానంతట అదే లేస్తుంది. ఐలయ్య తల అడ్డంగా ఊపాడు. తెగలేదట, అసలు కండే లేదట, నాడె తేలిగ్గా పోతాంది వినపడతలేదా అన్నాడు. ఇంకొకాయన, ఆ కొట్టుడు చూడు, నూలు మీద పడుతున్న దెబ్బ కాదు, కట్టె మీద కట్టె అన్నాడు. ఈ లోపల స్పీకర్లో నా గొంతు వచ్చింది. ఎవరికీ పట్టలేదు. నేను పాడుతుంటే అందరూ నా వెనకాల ఉన్న మగ్గాన్నే వింటున్నారు. పెళ్లికొడుకును వదిలేసి గుర్రం కాలు కుంటుతోందేమోనని చూసే జనంలాగా.

రెండో చరణం వచ్చేసరికి వాళ్లకు ఇంకో అనుమానం పట్టుకుంది. ఆగకుండా నేస్తున్నాడు కదా, కండె ఎందుకు మార్చడం లేదని. జంపఖానా నూలు లావు. నిమిషానికో కండె అయిపోతుంది. అట్లాంటిది రెండు నిమిషాలు దాటినా ఆ మహానుభావుడు ఆగలేదు.

"గంత పెద్ద కండె ఏడ దొరికిందిరా వీనికి?" అన్నాడు సాంబయ్య పెద్దబాపు, నిజంగా ఆశ్చర్యపోతూ.

మూడో చరణం. ఆర్గాన్ లేచింది. నేను పై స్థాయిలో గొంతెత్తాను. తడబడే చెయ్యి బాపూ! హాలంతా మార్మోగింది. లచ్చవ్వ సర్వపిండి పక్కన పెట్టి అమ్మ వైపు వంగింది.

"పోరడు పాపం గట్లెందుకు ఒర్రుతాండు?"

"పేక తెగింది గద అవ్వా, అందుకే" అన్నాడు ఐలయ్య.

నవ్వు ఆపుకోవడానికి డేవిడ్ అన్న కంప్యూటర్ వెనకాల తల దాచుకున్నాడు. నాకు మాత్రం వాళ్లెవరి మీదా కోపం రాలేదు. ఎందుకంటే నేను చూస్తున్నది బాపును. బాపు లేవలేదు! రెండో చరణం దాటింది, లేవలేదు. మూడో చరణం దాటింది, లేవలేదు. కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి, ఒక చెయ్యి జంపఖానా మీద ఆనించి వింటున్నాడు. ఆర్గాన్ చివరి మోత ఆగేదాకా కదల్లేదు. గల్లీ అంతా నవ్వనీ, రెండేళ్ల కష్టం ఫలించింది అనుకున్నాను.

బాపు లేచాడు. నా దగ్గరికి వచ్చాడు. భుజం తడతాడేమోనని కొంచెం వంగాను కూడా.

"ఇది మన మగ్గమేనారా?"

తల ఊపాను.

"కుడి దిక్కు కిర్రుమంటె అనుకున్న. నేను నెక్కొండ పోయిన్నాడు కొట్టినవా?"

"అవును బాపూ. జంపఖానా ఖరాబైతదని కండె తీసి..."

బాపు వెనక్కి తిరిగి, తను కూర్చున్న జంపఖానా ఎత్తి తెచ్చి నా ముందు పరిచాడు. నడిమిట్లో, ఎర్ర చారలో, బెత్తెడు మేర నేత బిర్రుగా బిగిసి, చెక్కలాగా గట్టిగా ఉంది. ఆ పక్కనే ఐదారు చోట్ల పడుగు దారాలు తెగితే ముడులు వేసిన గుర్తులు.

అప్పుడు అర్థమైంది నా తెలివి. కొత్త పేక పడకపోతే చెక్క దెబ్బలన్నీ ఎక్కడ పడతాయి? అంతకుముందు నేసిన దాని మీదే పడతాయి. గంటసేపు! తెల్లారి బాపు మగ్గం ఎక్కేసరికి ఆ చోట నేత గడ్డకట్టింది, దారాలు ఒరుసుకుపోయి ఒక్కొక్కటే తెగాయి. నలభై ఏళ్లలో తన చేతి కింద అట్లాంటి మచ్చ పడలేదు. తనే ఎప్పుడో బలం తెలియకుండా కొట్టి ఉంటానని, చేతికి అందాజా పోయిందని, చూపు ఆనడం లేదని అనుకున్నాడు. ఆ ముక్కను షావుకారికి ఇవ్వలేక ఇంట్లో పెట్టుకున్నాడు. కళ్లద్దాలు అందుకు. నూనె అందుకు. దవాఖాన అందుకు. చేతులు చాపి చూసుకున్నది అందుకు. ఎవరికీ చెప్పలేదు. నేనెవరికీ చెప్పలేదు, ఆయనా ఎవరికీ చెప్పలేదు. ఈ విషయంలో మాత్రం నేను ఆయన కొడుకునే.

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "బాపూ, తప్పయింది" అన్నాను. నిజంగా ఏడుపొచ్చింది, ఈసారి ఆర్గాన్ లేకుండా.

బాపు ఆ బిర్రు నేతను బొటనవేలితో రెండుసార్లు రాశాడు. తర్వాత నవ్వాడు. చిన్నగా కాదు, భుజాలు ఊగేట్టు నవ్వాడు. ఆయన అట్లా నవ్వితే నేను చూసి చాలా ఏళ్లయింది. అమ్మ కూడా బిత్తరపోయింది.

"అయితె నా చేతులకేం కాలే" అన్నాడు గల్లీవాళ్లందరి వైపు తిరిగి. "వీడు చేసిండు!"

కొడుకు చేసిన వెధవపనిని ఒక తండ్రి అంత సంతోషంగా నలుగురికీ చాటడం మీరెక్కడా చూసి ఉండరు. సాంబయ్య పెద్దబాపు వచ్చి జంపఖానా పట్టుకుని చూశాడు, ఐలయ్య చూశాడు, వరసగా అందరూ వచ్చి చూశారు. మిగిలిన ఏడు పాటలు అట్లా జంపఖానా చుట్టూ నిలబడ్డ జనానికి వెనకాల ఎక్కడో మోగి అయిపోయాయి. మిర్చి పాటలో దగ్గు వచ్చినప్పుడు మాత్రం లచ్చవ్వ, ఎవరికో నీళ్లియ్యమంది.

సర్వపిండి అయిపోయాక సాంబయ్య పెద్దబాపు తీర్పు చెప్పాడు. పాట సంగతి తనకు తెలియదట, కానీ ఉత్త నాడె చప్పుడు కొత్తవాడ పేరుతో బయటికి పోతే గల్లీ ఇజ్జత్ పోతుందట. కనకయ్యే కూర్చుని నెయ్యాలన్నాడు. నేను భయం భయంగా బాపు వైపు చూశాను. ఆయన "ఎందుకు?" అనలేదు. ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"ఆ ఆఖరి ముక్క తీసెయ్. తడబడే చెయ్యట. నా చెయ్యెందుకు తడబడుతది?"

నేను ఏడ్చి, డేవిడ్ అన్నను ఏడిపించి రాసిన చరణం అట్లా పోయింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే మైకులు మళ్లీ వచ్చాయి. ఈసారి నాడెలో కండె ఉంది. డేవిడ్ అన్న మర్యాదగా హెడ్‌ఫోన్ అందించి, ఈ టిక్కు ప్రకారం నెయ్యాలి బాబాయ్ అన్నాడు. బాపు ఒక్క నిమిషం విని తీసి చేతిలో పెట్టాడు. ఇది ఆగి ఆగి కొడుతోంది, దీన్ని బాగు చేయించుకొమ్మన్నాడు. చివరికి ఆయన తన నడకలో నేస్తుంటే మేమే దాని వెనక పరుగెత్తాం. నిమిషానికోసారి కండె అయిపోయేది. మగ్గం ఆగేది. బాపు కొత్త కండె తీసుకుని, నాడెలో పెట్టి, దారం కొస లాగి మళ్లీ మొదలుపెట్టడానికి ఏడు సెకన్లు. ఆ ఏడు సెకన్లు ఏం చెయ్యాలో తెలియక నేను ఒక్కణ్ణే ఉత్త గొంతుతో పాడుతూ ఉండిపోయాను. తీసేద్దామా అన్నా అంటే డేవిడ్ అన్న వద్దన్నాడు. పాటకు ఊపిరి అక్కడే ఆడుతోందన్నాడు.

ఆల్బమ్ బయటికి వచ్చింది. మా గల్లీలో ఇప్పుడు నేస్తూ నేస్తూ ఆ పాట పెట్టుకుంటున్నారు. అందరిదీ ఒకటే మాట. "కనకయ్య మగ్గం మస్తు పలికింది." పాట ఎట్లుందని అడిగితే, అగో, దాంట్ల పాట కూడా ఉన్నదిగా అంటున్నారు.

మొన్న సాయంత్రం బాపు గడపలో కూర్చుని నా ఫోన్‌లో ఆ పాట మొత్తం విన్నాడు. లేవలేదు. మోటరు ఆపక నీళ్ల ట్యాంకు నిండి పొర్లుతున్నా లేవలేదు. ఎట్లుంది బాపూ అని అడిగాను. మగ్గం మంచిగ వచ్చింది అన్నాడు. మరి నా పాట అన్నాను. ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"కండె మార్చేటప్పుడు మంచిగున్నది."

నాకు మొదట అర్థం కాలేదు. మెల్లగా వెలిగింది. కండె మార్చేటప్పుడు మగ్గం ఉండదు, గిటార్ ఉండదు, ఆర్గాన్ ఉండదు. ఉన్నది నా గొంతొక్కటే. లోపలికి వెళ్లి లెక్క చూసుకున్నాను. పాటలో నాలుగుసార్లు, తడవకు ఏడు సెకన్లు. రెండేళ్లు, ఎనిమిది పాటలు, మూడు రకాల సంగీతం కలిపి చేసిన ఆల్బమ్‌లో మా బాపుకు నచ్చిన నేను మొత్తం ఇరవై ఎనిమిది సెకన్లు.

తక్కువేం కాదు. కొత్త పాట మొదలుపెట్టాను. దానికి కండెలు సగం సగమే చుట్టమని అమ్మకు చెప్పాను.